గోదావరి వరద మండలాల కోసం సొంత మ్యాప్ టైల్ సర్వర్: తెలుగు పేర్లతో, ఇంటర్నెట్ లేకుండా

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. అంత నీరు వచ్చినప్పుడు దిగువన ఉన్న కూనవరం, వర రామచంద్రాపురం, శబరి ఎగపోటు తగిలే చింతూరు, ఈ మూడు మండలాల్లో ముందు రోడ్లు పోతాయి, తర్వాత కరెంటు, ఆ వెనకే సెల్ టవర్లు. సరిగ్గా మ్యాప్ కావాల్సిన రోజునే ఫోన్లో మ్యాప్ తెరుచుకోదు.

అక్కడ సహాయక పనులు చేసే ఒక స్వచ్ఛంద సంస్థ అడిగింది ఇదే. ఊళ్లూ గూడేలూ తెలుగులో కనిపించాలి, సహాయ కేంద్రంలో నెట్ లేకపోయినా మ్యాప్ పనిచెయ్యాలి, కొత్తగా తెలిసిన దారినో రేవునో మనమే అందులో పెట్టుకోగలగాలి. ఈ మూడూ కలిపి ఇచ్చే రెడీమేడ్ సర్వీసు మాకు దొరకలేదు. అందుకే సొంత టైల్ సర్వర్. అది ఎలా కట్టామో, ఎందుకు అలా కట్టామో రాస్తున్నాను. ఇన్‌స్టాల్ కమాండ్లు, సొంత టైల్ సర్వర్ పెట్టుకోవడం నేర్పే స్విచ్2ఓఎస్ఎం సైట్లో వరసగా ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ రాయను, అక్కడ దొరకని సంగతులే ఎక్కువ చెప్తాను.

ఈ పనికి కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. వెబ్ మ్యాప్ అంటే 256 పిక్సెళ్ల చదరపు బొమ్మలు పక్కపక్కన పేర్చడమే, ఒక్కో బొమ్మ ఒక టైల్. జూమ్ 0లో ప్రపంచమంతా ఒకే టైల్, ఒక్కో జూమ్ పెరిగే కొద్దీ సంఖ్య నాలుగింతలవుతుంది. జూమ్ 18కి వచ్చేసరికి ప్రపంచం మొత్తానికి దాదాపు 6,872 కోట్ల టైళ్లు. ఈ అంకె చూసి చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు, కానీ మనకు ప్రపంచం అక్కర్లేదు. మన అక్షాంశం దగ్గర జూమ్ 16 టైల్ నేల మీద సుమారు 580 మీటర్లు, జూమ్ 18 టైల్ సుమారు 145 మీటర్లు. నూరు కిలోమీటర్ల పొడవు, నూరు కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతం తీసుకుంటే జూమ్ 16కి 30 వేల లోపు టైళ్లు, జూమ్ 18కి నాలుగు లక్షల 70 వేలు. మామూలు డెస్క్‌టాప్ మెషీన్ చేసేయగల పని ఇది.

జనమే కలిసి గీసుకునే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది, వాళ్ల టైళ్లనే ముందుగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు కదా అని మొదటి సమావేశంలోనే అడిగారు. కుదరదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో డేటా అందరిదీ, ఓడీబీఎల్ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు. టైల్ సర్వర్లు మాత్రం విరాళాలతో నడిచేవి, వాటి నుంచి టైళ్లు గంపగుత్తగా దించుకోవడాన్ని వాళ్ల వాడుక నియమాలు ఒప్పుకోవు. డేటా తీసుకోండి, టైళ్లు మీరే గీసుకోండి అన్నది వాళ్ల పద్ధతి. న్యాయమైన పద్ధతే. పైగా ఆ టైళ్ల మీద మన ఊళ్ల పేర్లు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి, కాబట్టి అవి దొరికినా మాకు సగం పనే అయ్యేది.

వెక్టర్ కాదు, రాస్టర్

రాస్టర్ అంటే సర్వర్ గీసిన బొమ్మనే పంపడం, వెక్టర్ అంటే గీతల, పేర్ల డేటా పంపితే ఫోనే బొమ్మ గీసుకోవడం. ఇవాళ ఎవరిని అడిగినా వెక్టర్ టైళ్లు పెట్టుకో అంటారు. ప్లానెటైలర్ అనే ప్రోగ్రాంతో దేశం మొత్తం తయారు చేసి, ఒకే పీఎంటైల్స్ ఫైలుగా ఉంచి, బ్రౌజర్లో మ్యాప్‌లిబ్రేతో గీయిస్తే డేటాబేసే అక్కర్లేదు. చాలా మంచి పద్ధతి, ఇంగ్లిషు లేబుళ్లతో పనైతే నేనూ కళ్లు మూసుకుని అదే ఎంచుకుంటాను. తెలుగు దగ్గరే చిక్కు.

మ్యాప్‌లిబ్రే మామూలుగా అక్షరాల బొమ్మల్ని 256 కోడ్‌పాయింట్ల (కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఉండే నంబర్ల) కట్టలుగా తెచ్చుకుంటుంది, తెలుగు అక్షరాలు 3072తో మొదలయ్యే కట్టలో ఉంటాయి. ఒక్కో కోడ్‌పాయింట్‌కి ఒక్కో బొమ్మ, వాటిని పక్కపక్కన పేరుస్తుంది. ఇంగ్లిషుకి అంతే చాలు. తెలుగులో ద, పొల్లు, ర కలిస్తే ద కింద రావత్తు రావాలి. ఆ కలపడం ఫాంటు లోపలి నియమాలు చదివే షేపింగ్ ఇంజిన్ చేసే పని, మేం పరీక్షించిన వెర్షన్లో అది లేదు. భద్రాచలం కాస్తా భద్‌రాచలం అయింది, గుణింతాలు తలకట్టు మీద ఎక్కి కూర్చున్నాయి, చింతూరులో తూ చూస్తే త పక్కన ఎవరో కొమ్ము అతికించినట్టుంది. అదే వెక్టర్ టైళ్లను సర్వర్ మీద బొమ్మలుగా మార్చే టైల్‌సర్వర్ జీఎల్ వాడినా లాభం లేదు, లోపల ఇంజిన్ అదే కుటుంబానిది.

సర్వర్ మీద మ్యాప్ గీసే మ్యాప్నిక్ అలా కాదు. 3.0 వెర్షన్ నుంచి అందులో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ ఉంది, ఒత్తులూ గుణింతాలూ ఫాంటు చెప్పినట్టే గీస్తుంది. సర్వర్ మీదే అక్షరం బొమ్మగా మారిపోతుంది కాబట్టి ఎంత పాత ఫోనైనా తేడా రాదు, దానికి బొమ్మ చూపించడం వస్తే చాలు. వాలంటీర్ల చేతుల్లో ఉండేవి పాత ఆండ్రాయిడ్ ఫోన్లే. ఈ రెండు కారణాలతో పోస్ట్‌జీఐఎస్ (మ్యాప్ డేటాబేస్), మ్యాప్నిక్, రెండర్‌డీ (మ్యాప్నిక్ చేత టైళ్లు గీయించేది), అపాచీ వెబ్ సర్వర్లో మాడ్‌టైల్ (టైళ్లు పంచేది), ఫోన్లో లీఫ్‌లెట్ (మ్యాప్ చూపించేది) అనే పాత వరసకే వెళ్లాం. పాతదైనా మన లిపి విషయంలో అదే ముందుంది.

మూడు రాష్ట్రాల మూల

జియోఫాబ్రిక్ సంస్థ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ప్రాంతాల వారీగా కత్తిరించి రోజూ పెడుతుంది. భారతదేశంలో ఆంధ్ర, తెలంగాణ రెండూ దక్షిణ జోన్ ఫైల్లో వస్తాయి కాబట్టి చాలా పనులకు అదొక్కటే సరిపోతుంది. ఈ మండలాలకు సరిపోదు. చింతూరు దాటి 30వ నంబరు జాతీయ రహదారి మీద కాస్త ముందుకెళ్తే కోంట, అది ఛత్తీస్‌గఢ్, జియోఫాబ్రిక్ లెక్కలో మధ్య జోన్. సీలేరు శబరిలో కలిసే మోటు ఒడిశాలో ఉంది, అది తూర్పు జోన్. దక్షిణ జోన్ ఒక్కటే ఎక్కిస్తే శబరికి అవతలి ఒడ్డు తెల్ల కాగితం. వరదలో పడవ ఏ ఒడ్డుకు చేరుతుందో రాష్ట్ర సరిహద్దు చూసి నిర్ణయించుకోదు కదా.

కాబట్టి దేశం మొత్తం ఫైలు దించి, ఆస్మియమ్ అనే ప్రోగ్రాంతో మాకు కావలసిన చతురస్రం కత్తిరించాం. ఇక్కడ ఒక మెలిక ఉంది, నది ఒడ్డున పనిచేసే ఎవరికైనా ఇది ఎదురవుతుంది. ఆస్మియమ్ డిఫాల్ట్ పద్ధతిలో కత్తిరిస్తే చతురస్రం లోపలి దారులు పూర్తిగా వస్తాయి గానీ, అనేక ముక్కలు కలిపి కట్టిన మల్టీపాలిగాన్‌లో బయటపడ్డ ముక్కలు రావు. గోదావరి లాంటి పెద్ద నది మ్యాప్‌లో ఉండేది అలాంటి మల్టీపాలిగాన్లుగానే. చుట్టు గీత పూర్తి కాకపోతే, డేటాను డేటాబేసులోకి ఎక్కించే ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్ దాన్ని చెరువుగా గానీ నదిగా గానీ కట్టలేక వదిలేస్తుంది, అంటే వరద మ్యాప్‌లో నదికే చోటుండదు. స్ట్రాటజీ దగ్గర స్మార్ట్ అని ఇస్తే మల్టీపాలిగాన్ల ముక్కలన్నీ, చతురస్రం బయటవి కూడా, వెంట తెస్తుంది. ఫైలు కొంచెం పెరుగుతుంది, నది నిండుగా వస్తుంది.

ఇంత చిన్న ప్రాంతానికి డేటాబేస్ ట్యూనింగ్ గురించి ఎక్కువ టెన్షన్ పడనక్కర్లేదు. ఎనిమిది కోర్లు, 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్న మెషీన్ వాడాం, నిజానికి అందులో సగం చాలు. ఫ్లాట్ నోడ్స్ ఆప్షన్ ఆన్ చెయ్యొద్దు. బిందువుల స్థానాలను వేరే ఫైల్లో దాచే ఆ పద్ధతి ప్రపంచం మొత్తం ఎక్కించేవాళ్ల కోసం, చిన్న ప్రాంతానికి పెడితే డేటా కన్నా ఆ ఫైలే పెద్దదవుతుంది. పోస్ట్‌జీఐఎస్‌కి అడుగున ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో జిట్ అనే సెట్టింగ్ ఆపెయ్యండి, రెండరింగ్ క్వెరీలకు అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. మ్యాప్‌లో రంగులూ అక్షరాలూ ఎలా ఉండాలో చెప్పే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కార్టో స్టైల్‌తో పాటు వచ్చే ఇండెక్సుల స్క్రిప్టు తప్పకుండా నడపండి, చాలామంది మర్చిపోయి సర్వర్ స్లో అనుకుంటారు.

పేర్లు

అసలు పని ఇక్కడుంది. సర్వర్ నిలబెట్టడం కన్నా పేర్లు నిలబెట్టడానికే చాలా ఎక్కువ కాలం పట్టింది, పట్టాలి కూడా.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ నేమ్ అనే ట్యాగు ఉంటుంది, మన దగ్గర అందులో ఎక్కువగా ఇంగ్లిషు స్పెల్లింగే ఉంటుంది. తెలుగు పేరుకి వేరే ట్యాగు, నేమ్ పక్కన కోలన్ పెట్టి టీఈ. స్టైల్లో ముందు తెలుగు ట్యాగు చూడు, లేకపోతే ఇంగ్లిషు చూపించు అని రాయడం ఒక్క లైను. కానీ ఈ మండలాల్లో చాలా గూడేలకు ఆ ట్యాగే లేదు, కొన్ని గూడేలు మ్యాప్‌లోనే లేవు.

ఇంగ్లిషు స్పెల్లింగ్ నుంచి మెషీన్‌తో తెలుగు చేయించేద్దాం అన్న సూచన వచ్చింది. నేను గట్టిగా వద్దన్నాను. ఇంగ్లిషులో గుడూర్ అని ఉంటే అది గూడూరా గుదూరా గుడూరా అన్నది స్పెల్లింగ్‌కి తెలీదు. ట, త కలిసిపోతాయి, డ, ద కలిసిపోతాయి, ళ, ణ మాయమైపోతాయి. సహాయ కేంద్రంలో ఫోన్ ఎత్తినవాడు పలికే పేరు అవతల ఊరివాళ్లకు తెలియకపోతే పడవ వేరే చోటికి పోతుంది. వికీపీడియా సోదర ప్రాజెక్టు వికీడేటాలోని లేబుళ్లు కొంత సాయం చేశాయి, అవి సీసీ0 కింద, అంటే హక్కులన్నీ వదులుకుని ఇచ్చినవి కాబట్టి లైసెన్సు ఇబ్బంది లేదు. తెలుగు వికీపీడియాలో రెండు రాష్ట్రాల గ్రామాలకు పేజీలు విరివిగా ఉండటం వల్ల రెవెన్యూ గ్రామాల పేర్లు అలా చాలావరకు దొరికాయి. గూడేల పేర్లు మాత్రం మనుషుల దగ్గరే దొరుకుతాయి. వేరే కంపెనీల మ్యాపుల్లోంచి చూసి రాయడం లైసెన్సుకు విరుద్ధం, ఆ మాట వాలంటీర్లకు మొదటి రోజే చెప్పాం.

పద్ధతి ఏమిటంటే, ఒక్కో పంచాయతీకి ఏ3 కాగితం మీద మ్యాప్ ప్రింట్ తీసి ఫీల్డులో తిరిగే వాళ్లకిచ్చాం, వాళ్లు ఆ ఊరి పెద్దవాళ్లతో కూర్చుని పెన్నుతో దిద్ది తెచ్చారు, దాన్ని జోజ్మ్ అనే మ్యాప్ ఎడిటర్లో ఎక్కించి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కే పంపాం. మా డేటాబేసులో మాత్రమే దాచుకోలేదు, అలా చేస్తే తర్వాతి ఇంపోర్టులో అంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఇంకెవరికీ ఉపయోగపడదు కూడా. వచ్చిన కాగితాల్లో అక్షర దోషాల కన్నా పెద్ద సంగతులు బయటపడ్డాయి. "సార్, పేరు కరెక్టే గానీ ఊరు అవతలి ఒడ్డున ఉంది" అని ఒకరు, "ఈ పేరుతో ఇక్కడ రెండు గూడేలున్నాయి, వాగుకి ఇటొకటి అటొకటి" అని ఇంకొకరు. ఈ మండలాలు 2014లో పోలవరం ముంపు కింద ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చినవి. నిర్వాసితుల కాలనీలను జనం పాత ఊరి పేరుతోనే పిలవడం మామూలు, పాత ఊళ్లో ఇంకా కొందరు ఉంటారు. ఒకే పేరు రెండు చోట్ల వస్తే వరదలో అది ప్రమాదం, కాబట్టి కొత్తచోటుకి కాలనీ అన్న మాట లేబుల్లోనే కలిపాం.

తర్వాత అక్షరం కంటికి ఆనడం. కార్టో స్టైల్ లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని రాసింది. రెండు లైన్ల లేబుళ్లలో లైన్ల మధ్య దూరాన్ని అది మైనస్‌లో పెడుతుంది, అంటే లైన్లు దగ్గరికి జరుగుతాయి. తెలుగులో పై లైను ఒత్తు కింది లైను గుడిలోకి దూసుకుపోతుంది. దాన్ని తీసేసి ప్లస్‌లోకి తెచ్చాం. చిన్న ఊళ్లకు 10 సైజు ఇంగ్లిషుకి చాలు, తెలుగులో ఆ సైజుకి రావత్తు చుక్కలా మిగులుతుంది, అందుకే 13కి తక్కువ ఎక్కడా పెట్టలేదు. అక్షరం చుట్టూ తెల్లగా ఉండే హేలో మందం కూడా తగ్గించాలి, లేకపోతే ఒత్తు చుట్టూ ఉన్న తెలుపు పక్క అక్షరం ఒత్తును తినేస్తుంది. ఫాంటు నోటో సాన్స్ తెలుగు. సైజు పెరిగితే ఒకదానికొకటి అడ్డొచ్చి కొన్ని లేబుళ్లు రాలిపోతాయి, కాబట్టి హోటళ్లు, బస్టాపులు, దుకాణాలు లాంటివన్నీ స్టైల్లోంచి తీసేశాం. బడి, ఆస్పత్రి, రేవు, కాజ్‌వే, గుడి, చర్చి ఉంచాం. వరదలో జనం తలదాచుకునేవి, దారి ఆగేవి, ఈ రెండు రకాలే కావాలి.

తెలుగు కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లిషు పేరు కూడా ఉంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చే రక్షక బృందాల్లో తెలుగు చదవలేని వాళ్లుంటారు, ఒకే మ్యాప్ మీద ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టగలగాలి.

కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, అంతరిక్షం నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా నుంచి వేశాం, ఏ గుట్ట ఎక్కొచ్చో కనిపించడానికి మాత్రమే. వాటితో ఏ ఊరు మునుగుతుందో లెక్క కట్టొద్దని మ్యాప్ మీదే రాసి పెట్టాం. ఆ ఎత్తుల్లో మీటర్ల తేడా ఉంటుంది, చెట్ల తలలు కూడా నేలలా లెక్కకొస్తాయి. ఈ పని ఎవరు చేసినా దయచేసి ఆ హద్దు దాటొద్దు.

సరిహద్దుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దేశాల సరిహద్దులను నేల మీద ఎవరి ఆధీనంలో ఉంటే అలా గీస్తుంది, మన చట్టం ప్రకారం భారతదేశ సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌తో సరిపోవాలి. మాది రెండు మూడు జిల్లాల మ్యాప్ కాబట్టి దేశ సరిహద్దు పొరనే తీసేసి, జూమ్ 8 కన్నా వెనక్కి పోకుండా ఆపాం. దేశమంతా చూపించేవాళ్లు సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దును వేరే పొరగా పెట్టుకోవాలి. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాల తర్వాత భారతీయ సంస్థలు మ్యాప్ డేటా తయారు చేసుకోవడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదు గానీ, ఈ సరిహద్దు నిబంధన మాత్రం అలాగే ఉంది.

నెట్ లేని చోట

ఊళ్లో ఉండేది పెద్ద మెషీన్ కాదు. డేటాబేస్, మ్యాప్నిక్ ఉన్నది వేరే ఊళ్లో, కరెంటు నమ్మకంగా ఉన్న చోట. అక్కడ రెండర్ లిస్టు అనే కమాండుతో మొత్తం ప్రాంతాన్ని జూమ్ 8 నుంచి 18 దాకా ముందే గీయించేస్తాం. రెండర్‌డీ టైళ్లను ఎనిమిదికి ఎనిమిది, అంటే 64 టైళ్ల మెటాటైల్‌గా ఒకేసారి గీస్తుంది కాబట్టి జూమ్ 18కి కూడా ఏడెనిమిది వేల మెటాటైళ్లే. ఎక్స్, వై హద్దులు ఇచ్చేటప్పుడు ఒక్కో జూమ్‌కి వేరేగా నడపాలి, ఒకేసారి అన్ని జూమ్‌లకూ అవే అంకెలు వర్తించవు.

గీసిన ఫైళ్లను, మారినవే కాపీ చేసే ఆర్‌సింక్‌తో సహాయ కేంద్రంలోని మినీ పీసీకి పంపుతాం. అందులో అపాచీ, మాడ్‌టైల్ మాత్రమే. పోస్ట్‌గ్రెస్ లేదు, రెండర్‌డీ లేదు. ఉన్న టైల్ ఇస్తుంది, లేనిదానికి లేదంటుంది. చిన్న యూపీఎస్ మీద, అవసరమైతే బ్యాటరీ మీద ఇన్వర్టర్‌తో వైఫై రూటర్‌తో సహా నడుస్తుంది. కేంద్రానికి వచ్చినవాళ్ల ఫోన్లు ఆ వైఫైకి కలుస్తాయి, మ్యాప్ వెంటనే తెరుచుకుంటుంది.

ఒక్క చోట మాత్రం ఊహించని అడ్డు. "నేనెక్కడున్నాను" బటన్ పనిచెయ్యలేదు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, కానీ బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ లేని పేజీకి లొకేషన్ ఇవ్వవు. 192.168తో మొదలయ్యే లోకల్ చిరునామాకు మామూలుగా సర్టిఫికెట్ రాదు. దారి ఇదీ: సంస్థ డొమైన్ కింద ఒక పేరు పెట్టి, ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి డీఎన్ఎస్ చాలెంజ్ పద్ధతిలో దానికి సర్టిఫికెట్ తీసుకుని మినీ పీసీలో పెట్టాం, రూటర్లోని లోకల్ డీఎన్ఎస్ ఆ పేరును మినీ పీసీకే పంపుతుంది. సర్టిఫికెట్ గడువు 90 రోజులే, కాబట్టి జూన్ మొదట్లో కొత్తది ఎక్కిస్తాం, ఆగస్టులో వాన తెరిపిచ్చినప్పుడు మళ్లీ. ఈ రెండు తేదీలు కేంద్రం గోడ మీద క్యాలెండర్లో రాసి ఉన్నాయి.

పడవలో వెళ్లేవాళ్లకు కాగితమే. టైళ్లను అతికించి ప్రింట్ చేస్తే మసకగా వస్తుంది, అందుకని అదే స్టైల్‌తో మ్యాప్నిక్ చేత నేరుగా పీడీఎఫ్ గీయించి, లామినేషన్ చేయించి ఇస్తాం. మూలల్లో అక్షాంశ రేఖాంశాలు, కింద డేటా తేదీ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లకు క్రెడిట్. క్రెడిట్ లైసెన్సు షరతు, దాన్ని ఏ సైజు ప్రింట్లోనూ కత్తిరించం.

అప్‌డేట్లకు రోజువారీ డిఫ్‌లు, అంటే ఆ రోజు మార్పులు మాత్రమే ఉండే ఫైళ్లు, పెట్టుకోలేదు. కత్తిరించిన ఫైలు మీద దేశం మొత్తం డిఫ్‌లు వేస్తే చతురస్రం బయటి సరుకు నెమ్మదిగా పేరుకుంటుంది. ఇంత చిన్న డేటాబేసును వారానికోసారి కొత్తగా ఎక్కించడమే తేలిక: కొత్త డేటాబేస్ పక్కన కట్టి, పరీక్షించి, పేరు మార్చి, ఇంపోర్ట్ టైమ్‌స్టాంప్ ఫైలుకు కొత్త సమయం వేస్తే పాత టైళ్లన్నీ పాతబడినట్టు లెక్క, మళ్లీ గీయిస్తాం. పరీక్షలో చూసేవి మూడే: గోదావరి పాలిగాన్ ఉందా, గూడేల సంఖ్య కిందటి వారం కన్నా తగ్గిందా, భద్రాచలం టైల్లో రావత్తు సరిగా పడిందా. మొదటి రెండూ స్క్రిప్టు చూస్తుంది, మూడోది మనిషి కంటితోనే చూస్తాం.

ఇప్పుడు చేస్తున్న పని కాజ్‌వేలది. ఏ వాగు మీది కాజ్‌వే ముందు మునుగుతుందో ఆ దారిలో రోజూ తిరిగే బస్సు డ్రైవర్లకూ ఆశా కార్యకర్తలకూ తెలుసు. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులున్నప్పుడు ఏ దారి ఆగుతుందో వాళ్ల నుంచి రాసుకుని, ముంపు దారి అన్న ట్యాగుతో పెట్టి, 43, 48, 53 అడుగులకు మూడు రంగుల పొరగా చూపించాలని. అడుగుల లెక్క ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టే సంగతి కాదు, కాబట్టి ఆ ఒక్క పట్టిక మాత్రం మా దగ్గరే, వారం వారం ఇంపోర్ట్ తాకని వేరే డేటాబేసులో ఉంటుంది. చింతూరు వైపు కాగితాలు వచ్చేశాయి, వర రామచంద్రాపురం వైపువి ఇంకా రావాలి.